షిరిడీ యాత్రలో నాసిక్ వైనరీలు: అత్తయ్యగారికి చెప్పాలా, చిన్నవాటికీ వెళ్లాలా?

ప్రశ్న: మాది మియాపూర్. జనవరి చివర్లో అత్తయ్య, మామయ్యగార్లతో కలిసి షిరిడీ, త్ర్యంబకం వెళ్తున్నాం. రిపబ్లిక్ డే సెలవు కలిసొస్తుందని ఆ వారమే అనుకున్నాం. నాసిక్ దాకా వెళ్లి అక్కడి వైనరీలు చూడకుండా రావడం నాకూ, మా వారికీ ఇష్టం లేదు. కానీ వైన్ గురించి మా ఇద్దరికీ ఏమీ తెలియదు. ఒకసారి ఆఫీసు పార్టీలో రెడ్ వైన్ తాగితే నోరంతా వగరు, గొంతులో మంట. టేస్టింగ్‌లో ఏం చేయాలో తెలియక నలుగురిలో నవ్వులపాలవుతామేమోనని టెన్షన్. పెద్ద పేరున్న వైనరీ ఒకటి చూస్తే చాలా, చిన్నవాటికీ వెళ్లాలా? పుణ్యక్షేత్రానికి వెళ్తూ ఇదేం పని అని అత్తయ్య బాధపడతారేమో. మామయ్యగారు రైతు, ఉలవపాడు దగ్గర మామిడి తోట ఉంది. ఆయన ఏమంటారో తెలియదు. వస్తూ నాలుగు సీసాలు తెచ్చుకోవచ్చా?

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో అసలు బెంగ అదే. ఆవిడకు చెప్పకుండా మాత్రం వెళ్లకండి. "ఊరికే అలా తిరిగొస్తాం" అని మీరిద్దరూ కారెక్కి వెళ్లిపోయి సాయంత్రం లాడ్జికి వచ్చేసరికి ఆవిడకు ఎలాగూ తెలుస్తుంది. అప్పుడు వైన్ తాగినందుకంటే దాచినందుకే ఎక్కువ నొచ్చుకుంటారు. బయల్దేరకముందే, ఇంట్లో ఉండగానే చెప్పండి. మొక్కులు, దర్శనాలు అన్నీ అయ్యాక చివరి రోజు ద్రాక్ష తోటలు చూసి, వైన్ ఎలా చేస్తారో తెలుసుకుని వస్తామని, రుచి కూడా చూస్తామని ఉన్నదున్నట్టు చెప్పండి. వద్దనిపిస్తే ఆవిడ ఆ పూట పంచవటిలో కాలారామ మందిరం, గోదావరి ఘాట్ చూసుకుని రూములో విశ్రాంతి తీసుకోవచ్చు. ఆవిడను ఒప్పించాలని వాదన పెట్టుకోవద్దు. ఆవిడ నమ్మకం ఆవిడది.

వరుస మాత్రం మార్చకండి. షిరిడీ, తర్వాత త్ర్యంబకం, ఆ తర్వాతే వైనరీ. షిరిడీ నుంచి నాసిక్ సుమారు రెండు గంటల ప్రయాణం, నాసిక్ నుంచి త్ర్యంబకం ముప్పై కిలోమీటర్ల లోపే. చివరి రోజు పగలంతా తోటల్లో గడిపి, రాత్రి నాసిక్ రోడ్ స్టేషన్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయొచ్చు. యాత్ర పూర్తయిందన్న తృప్తి పెద్దవాళ్లకు దక్కుతుంది, మీకూ మనసులో పీకులాట ఉండదు.

మామయ్యగారిని మాత్రం తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఆయన చుక్క ముట్టకపోయినా ఫర్వాలేదు. మీ నలుగురిలో అక్కడ మంచి ప్రశ్నలు వేసేది ఆయనే. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఎంత పేరుపడ్డాయో ఆయన తరం వాళ్లకు తెలిసే ఉంటుంది. అది తినే ద్రాక్ష, పందిరి మీద పాకుతుంది. నాసిక్ వైన్ తోటల్లో చాలాచోట్ల ద్రాక్ష తీగల్ని ఇనుప తీగల కంచె మీద నిలువుగా కడతారు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, పంట మాత్రం ఒక్కటే. ఏప్రిల్ ప్రాంతంలో కొత్త కొమ్మ కోసం ఒకసారి, సెప్టెంబర్-అక్టోబర్‌లో కాయ కోసం ఇంకోసారి. యూరప్‌లో మంచు పడితే తీగ నిద్రపోతుంది, మన దగ్గర దానికి నిద్ర లేదు. అందుకే కత్తెరతోనే కాలాన్ని సర్దుకుంటారు. కాయ వానల్లో పడకుండా, ఎండలు ముదరకముందే పండాలి. కాబట్టి కోత జనవరి నుంచి మార్చి వరకు. సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున్న ఆ పీఠభూమిలో శీతాకాలం రాత్రులు బాగా చల్లబడతాయి. పగటి ఎండకు కాయలో తీపి పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు పోకుండా నిలుస్తుంది. వైన్‌కి ఆ రెండూ కావాలి. బూజు తెగులుకు, బూడిద తెగులుకు ఏం కొడుతున్నారు, డ్రిప్ ఎన్ని గంటలు వదులుతారు, ఎకరాకు ఎన్ని టన్నులు తీస్తారు అని ఆయన్ని అడగనివ్వండి. మంచి వైన్ కావాలంటే కొన్ని గుత్తులు పచ్చిగా ఉండగానే కోసి పారేసి దిగుబడి తగ్గించుకుంటారని వింటే, కాయ నిలుపుకోవడానికి ఏడాదంతా కష్టపడే మామిడి రైతుకు అది కొత్త సంగతే.

తేదీల దగ్గర ఒక చిక్కుంది. జనవరి 26 డ్రై డే. ఆ రోజు మహారాష్ట్రలో మద్యం అమ్మకం, టేస్టింగ్ ఉండవు. ఆగస్టు 15, అక్టోబర్ 2 కూడా అంతే, ఎన్నికలప్పుడూ అంతే. పైగా లాంగ్ వీకెండ్ అయితే ముంబయి, పుణె జనమంతా నాసిక్‌లోనే ఉంటారు. నా మాట వింటే ప్రయాణం ఫిబ్రవరి మొదటి వారానికి జరపండి. తోటలకు మంగళ, బుధవారాల్లాంటి పని దినాల్లో ఉదయం పదకొండు గంటలకల్లా చేరేలా చూసుకోండి. కోత జోరుగా ఉంటుంది. క్రేట్లలో గుత్తులు దిగుతుంటాయి, తొడిమలు తీసే మిషన్ నడుస్తుంటుంది, ట్యాంకుల దగ్గరకెళ్తే పులుస్తున్న రసం వాసన గుప్పుమంటుంది. మే నెలలో వెళ్తే అవే ట్యాంకులు మూతలు బిగించి ఉంటాయి, చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇక పెద్దదా, చిన్నదా. రెండూ చూడండి, రోజుకు రెండే చూడండి. మూడో చోటికి వెళ్లేసరికి నాలుక మొద్దుబారుతుంది, ఏది ఎక్కడ తాగారో గుర్తుండదు.

పెద్దది అంటే సులా. కాలిఫోర్నియాలో ఉద్యోగం మానేసి వచ్చిన రాజీవ్ సామంత్, గంగాపూర్ డ్యామ్ దగ్గర ఉన్న కుటుంబం భూమిలో ముందు మామిడి, గులాబీలు లాంటివి వేసి చూసి, తర్వాత వైన్ ద్రాక్షకు మారారు. తల్లి సులభ పేరు మీద కంపెనీకి సులా అని పెట్టారు. 2000లో మొదటి వైన్ బయటికొచ్చింది, 2005లో సందర్శకుల కోసం టేస్టింగ్ రూమ్ తెరిచారు. తోట అంచున కనిపించే నీళ్లు గోదావరివే. త్ర్యంబకంలో మీరు చూసొచ్చిన ఆ సన్నటి ధార కొద్ది దూరంలోనే అంత జలాశయమైంది. రాజమండ్రిలో గోదావరిని చూసిన వాళ్లెవరైనా అక్కడ ఓ ఐదు నిమిషాలు నిలబడాల్సిందే. సులా టూర్ పద్ధతిగా ఉంటుంది. ద్రాక్ష ఎలా దిగుతుంది, రసం ఎలా తీస్తారు, పీపాల్లో ఎందుకు పెడతారు అన్నీ వరసగా చూపిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ పరిచయం చాలా పనికొస్తుంది. కానీ గుంపుతో నడవాలి, గైడ్ చెప్పింది విని ముందుకు కదలాలి. ఆగి అడిగే వీలు తక్కువ.

ఆ వీలు చిన్నచోట దొరుకుతుంది. ఇగత్‌పురి వైపు కావనై ఊళ్లో, ముకణె డ్యామ్ నీళ్ల పక్కన వల్లోనే అనే వైనరీ ఉంది. నాసిక్ నుంచి గంట పైన పడుతుంది. అదే నా మొదటి ఎంపిక. గంగాపూర్ వైపే ఉండిపోదామనుకుంటే గంగావర్హే ఊళ్లో సోమా, యార్క్ ఉన్నాయి. యార్క్ ఒక కుటుంబం పెట్టినది, 2021లో సులా కొనేసింది. అయినా ఆ ప్రాంతం చూడదగ్గదే. నిఫాడ్ దగ్గర 'రెవీలో' అనే వైనరీ వాళ్లు ఇటలీ ద్రాక్ష రకాలు పెంచుతారు, గ్రిల్లో, నీరో డావోలా లాంటివి. వీటిలో ఏదైనా సరే ముందు రోజు ఫోన్ చేసి, టేస్టింగ్ ఉందా, తోట చూపించేవాళ్లు ఉంటారా అని కనుక్కునే వెళ్లండి. చిన్న వైనరీల్లో కోత రోజుల్లో అందరూ పనిలో ఉంటారు, చెప్పకుండా వెళ్తే గేటు దగ్గర నిలబడాల్సి రావచ్చు.

చిన్నవాటిని నేను ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం వైన్ పాలసీ తెచ్చాక అక్కడ రైతులు, చిన్న వ్యాపారులు ఎంతోమంది ధైర్యం చేసి వైనరీలు పెట్టారు. 2008-09 మాంద్యంలో వాళ్లలో చాలామంది దెబ్బతిన్నారు. నిలబడ్డవాళ్లకు మన నగరాల షాపుల్లో సీసా పెట్టుకునే చోటు దొరకడమే కష్టం. మీలాంటి వాళ్లు తోటకు వెళ్లి, రుచి చూసి, అక్కడే భోజనం చేసి, అక్కడే గ్లాసు కొనుక్కుంటేనే వాళ్లకు నాలుగు డబ్బులు. మీకు దొరికేదీ తక్కువేం కాదు. గ్లాసులో పోసే మనిషి చాలాసార్లు ఆ వైన్ చేసిన మనిషో, చేస్తుంటే పక్కనున్న మనిషో అయి ఉంటారు. మర్యాదగా అడిగితే ఇంకా సీసాలోకి ఎక్కని వైన్‌ని ట్యాంకు నుంచే కాస్త పట్టి ఇవ్వచ్చు. మసకగా, ఈస్ట్ వాసనతో, పులుపు గుచ్చుకుంటూ ఉంటుంది. దాని పక్కనే నిరుటి సీసా రుచి చూస్తే ఏడాదిలో ఏం జరిగిందో నాలుకకే తెలుస్తుంది.

ఇప్పుడు మీకు నచ్చని ఆ వగరు గురించి. ఇది తోటలోనే తేలిపోతుంది. రెడ్ వైన్ చేసే షిరాజ్ రకం ద్రాక్ష తీగ దగ్గర, అడిగి ఒక్క కాయ తెంపుకోండి. తినే ద్రాక్ష కంటే చిన్నది, తొక్క మందం, లోపల గింజలు. వేళ్లతో నొక్కితే వచ్చే రసం ఎర్రగా ఉండదు, దాదాపు నీళ్ల రంగే. ఆ రసం నాకి చూడండి, మార్కెట్ ద్రాక్ష కంటే తీపి. తర్వాత తొక్కను, గింజను విడిగా నమలండి. లేత జామపిందె కొరికినట్టు నోరు పట్టేస్తుంది. రెడ్ వైన్‌లో రంగు, వగరు రెండూ వచ్చేది అక్కడి నుంచే. తొక్కలతో కలిపి రసాన్ని రోజుల తరబడి పులియబెడతారు కాబట్టి అది రెడ్. తొక్క తీసేసి రసం ఒక్కటే పులియబెడితే వైట్. కొన్ని గంటలు మాత్రమే తొక్కలతో ఉంచి వడకడితే 'రోజే', అంటే గులాబీ రంగు వైన్. మీకు ఆఫీసు పార్టీలో దొరికింది బహుశా హాలు వేడికి ముప్పై డిగ్రీల దగ్గర ఉన్న రెడ్ అయ్యుంటుంది. అంత వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ఘాటు ముందుకొస్తుంది, ఆ గొంతు మంట అదే. రెడ్‌ని 16-18 డిగ్రీల దగ్గర ఇవ్వాలి. కాబట్టి ఆ ఒక్క గ్లాసుతో వైన్ మీకు పడదని తేల్చుకోకండి. మీరు వైట్‌తో మొదలుపెట్టండి, ముఖ్యంగా షెనిన్ బ్లాంక్. నాసిక్‌లో బాగా కుదిరిన రకం అది. కాస్త తీపి మిగిల్చి చేసేవి ఎక్కువ, వగరు దాదాపు ఉండదు. సోవిన్యోన్ బ్లాంక్ అంటే పులుపు ఎక్కువ, పచ్చి క్యాప్సికం, జామ వాసన వస్తుంది. పులుపు ఇష్టపడే మన నోటికి అదీ నచ్చొచ్చు.

టేస్టింగ్‌లో జరిగేది ఇంతే. ఐదారు వైన్లు వరసగా, ఒక్కోటి 30 మిల్లీలీటర్ల లోపు పోస్తారు. ముందు బుడగల వైన్, తర్వాత వైట్, రోజే, రెడ్, చివర తీపి వైన్. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి వైన్ వేడెక్కుతుంది. రంగు చూడండి. బల్ల మీదే ఉంచి రెండుసార్లు గుండ్రంగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. చిన్న గుక్క తీసుకుని వెంటనే మింగకుండా నోరంతా తిప్పండి. అప్పుడు మీ మాటల్లో మీకు తోచింది చెప్పండి. పులుపు ఎక్కువుందా, వగరా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది, ఏ పండు గుర్తొచ్చింది. వాళ్లు "బ్లాక్‌బెర్రీ" అంటే మీకు నేరేడుపండు తోచిందనుకోండి, నేరేడుపండు అనే చెప్పండి. మనలో చాలామంది బ్లాక్‌బెర్రీ తినే ఉండరు, నేరేడు మాత్రం చెట్టెక్కి తిన్నవాళ్లం. చింతపండు, పచ్చి మామిడి, మిరియాలు, తాటిబెల్లం చిన్నప్పటి నుంచి తింటున్న నాలుక మనది. వాసనలు, రుచులు గుర్తుపట్టడంలో ఎవరికీ తీసిపోదు. అక్కడ నవ్వే వాళ్లెవరూ ఉండరు, వచ్చినవాళ్లలో సగానికి సగం మీలా మొదటిసారి వచ్చినవాళ్లే.

బల్ల మీద ఉమ్మడానికి పాత్ర ఉంటుంది. సిగ్గుపడకుండా వాడండి, అది అక్కడి పద్ధతి. ఐదు వైన్లు ముప్పై మిల్లీలీటర్ల చొప్పున మొత్తం మింగితే 150 మిల్లీలీటర్లు, అంటే నిండు గ్లాసు లెక్క. రెండు వైనరీలకు రెండు గ్లాసులు. అలవాటు లేనివాళ్లకు పగటి ఎండలో అది ఎక్కువే. నచ్చినవి రెండు మింగండి, మిగతావి ఉమ్మేయండి. మధ్యమధ్య నీళ్లు తాగండి. ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. కారు మీవారు నడపొద్దు, డ్రైవర్‌తో సహా మాట్లాడుకోండి. మీరు గర్భవతి అయినా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా ముట్టుకోవద్దు. మందులు వాడుతుంటే ముందే డాక్టర్‌ని అడగండి. మహారాష్ట్రలో వైన్‌కి 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

మరో చిన్న విషయం, ఆడవాళ్లం మనం మర్చిపోయేది. గుడి నుంచి నేరుగా వెళ్తే తలలో పూలు, చీరకు అగరొత్తుల వాసన, పైన సెంటు ఉంటాయి. వాటి ముందు వైన్ వాసన నిలవదు, పక్కవాళ్లకూ తెలియదు. పూలు దేవుడి దగ్గరవి కదా, తీసి అత్తయ్యగారి చేతికిచ్చి వెళ్లండి. టేస్టింగ్‌కి గంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, సోంపు వద్దు.

వల్లోనేకి వెళ్తే చివర్లో వాళ్ల తీపి వైన్ ఉందేమో అడగండి. షెనిన్ బ్లాంక్ గుత్తుల్ని కిస్‌మిస్‌లా ఎండనిచ్చి చేస్తారు. కాయలో నీరు పోయి తీపి చిక్కబడుతుంది కాబట్టి టన్నుకు వచ్చే రసం చాలా తక్కువ, అందుకే ధర ఎక్కువ. అయినా ఒక గ్లాసు తీసుకుని ఇద్దరూ పంచుకోండి. తీపి ఉన్నా మొహం మొత్తదు, వెనకాల పులుపు ఉంటుంది.

సీసాలు తెచ్చుకోవడం గురించి నా సలహా, తేవద్దు. పక్క రాష్ట్రాల్లో కొన్న మద్యాన్ని తెలంగాణ ఎక్సైజ్ వాళ్లు ఇక్కడ సుంకం కట్టని సరుకుగా చూస్తారు, రైళ్లలోనూ తనిఖీలు చేస్తారు. అత్తమామలు పక్కన ఉండగా ప్లాట్‌ఫామ్ మీద బ్యాగు తెరిచి చూపించే పరిస్థితి మీకెందుకు? సులా, గ్రోవర్, ఫ్రాటెల్లి లాంటి పెద్ద కంపెనీల వైన్లు హైదరాబాద్‌లో పెద్ద షాపుల్లో దొరుకుతాయి. నచ్చిన వైన్ పేరు, ద్రాక్ష రకం, ఏ సంవత్సరం పంటో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. చిన్న వైనరీవి ఇక్కడ దొరకడం అరుదు కాబట్టి వాటిని అక్కడే కూర్చుని తాగండి. ఇంకో ప్రయాణం చేయాలనిపిస్తే కర్ణాటకలో హంపీ కొండల వైపు చూడండి. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు అక్కడ క్రస్మా పేరుతో ద్రాక్ష తోట, వైనరీ పెట్టారు. వాళ్లిద్దరి పేర్లలోంచే ఆ పేరు వచ్చింది.

ఇంటికొచ్చాక సీసా కొంటే వైట్‌ని ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు, రెడ్‌ని అరగంట పెట్టి తీయండి. మన కారానికి వగరు రెడ్ పెడితే మంట ఇంకా ఎక్కువవుతుంది. చేపల పులుసు, మిరపకాయ బజ్జీ, గోంగూర ఉన్న రోజు కాస్త తీపి షెనిన్ బ్లాంక్ బాగా నప్పుతుంది. వేపుళ్లకు రోజే. షిరాజ్ తెరిచిన రోజు మాంసం కూరలో మిరియాలు పెంచి, ఎండుమిర్చి తగ్గించి వండి చూడండి. మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజుల్లో అవగొట్టండి. ఆ తర్వాత కూరలో పోయడానికే పనికొస్తుంది.